క్రేను కింద నుంచి నడవను

సెప్టెంబరు 5. ఉదయం 7.10

ఇవాళ్టి నుంచి 20వ తేదీ దాకా ఎవరిలోనూ, దేనిలోనూ తప్పు పట్టను. ఊరికే అంటే చాలదు, రాసి పెట్టమంది మా ఆవిడ ఈశ్వరి. రాశాను. ఇట్లు, ఆదిబాబు, ప్లేట్ ఇన్‌స్పెక్టర్ (రిటైర్డ్), మాంగో, జంషెడ్‌పూర్.

కారణం మా అమ్మాయి శైలజ. పుణెలో వీడియో గేములు చేసే కంపెనీలో పని. మూడేళ్ళు ఒకే గేమ్ మీద కూర్చుంది. ఉగాదికి వచ్చినప్పుడు దాన్ని టీవీకి తగిలించి "ఆడి చూడు నాన్నా" అంది. పది నిమిషాలు చూసి "దీనికి మూడేళ్ళా?" అన్నాను. అంతే. అప్పట్నుంచి నేను ఫోన్ ఎత్తితే "అమ్మ కో దో" అంటుంది. అమ్మకివ్వడమే నా డ్యూటీ. ఆరు నెలలు కావస్తోంది.

14న వస్తోంది, 20న వెళ్తుంది. ఈసారి కూడా నాన్న నోరు పారేసుకుంటే ఇక ఈ ఇంటికి రానని వాళ్ళమ్మతో చెప్పిందట.

నియమాలు:
1. ఆ గేమ్ మొదటి నుంచి చివరి దాకా ఆడాలి.
2. ఒక్క తప్పూ ఎత్తి చూపకూడదు.
3. పిల్లకి ఒక్క మంచి మాట చెప్పాలి. నిజమైనదే.

ఆదిత్యపూర్‌లో ఓ రోలింగ్ మిల్లులో ముప్ఫై రెండేళ్ళు ఉక్కు ప్లేట్లలో పగుళ్ళు వెతుకుతూ మూడు షిఫ్టులూ చేసినవాణ్ణి. పక్షం రోజులు నోరు మూసుకోవడం నాకో పనా.

అదే రోజు. ఉదయం 11.30

మొదలుపెట్టాను. గేమ్ పేరు 'తొమ్మిదో కొలిమి'. ఆ పేరుతో సినిమా వచ్చినప్పుడు బిష్టుపూర్‌లో రెండుసార్లు చూశాను. శనిగ్రహం పక్కన ఇనుము కరిగించే కొలిమి. అందరూ పారిపోతారు, జోరావర్ అనే ఫోర్‌మన్ ఒక్కడే మిగులుతాడు. మాట తక్కువ, పని ఎక్కువ. మనిషంటే అలా ఉండాలి.

తర్వాత దాన్నే పిల్లల కార్టూన్ చేశారు. పాపం జోరావర్‌కి గుల్లూ అని పాటలు పాడే రోబోను అంటగట్టారు. శైలజ చిన్నప్పుడు ప్రతి ఆదివారం చూసేది. తిట్టుకుంటూ పక్కన నేనూ చూసేవాణ్ణి. ఇప్పుడీ గేమ్‌లో సినిమా జోరావర్‌నీ కార్టూన్ గుల్లూనీ కలిపి వండారు. ఈయన చావు బతుకుల్లో ఉంటాడు, అది చుట్టూ గంతులేస్తుంది. పప్పులో పాయసం పోసినట్టుంది.

గమనిక: డైరీలో రాసుకోవడం తప్పు పట్టడం కిందికి రాదు. నోటితో అంటేనే వస్తుంది.

సెప్టెంబరు 6. ఉదయం 10

నోటితో ఒక్క మాట అనలేదు. దవడలు నొప్పెడుతున్నాయి. ఇప్పటిదాకా కంటబడినవి, ఊరికే రాస్తున్నాను:

- జోరావర్ కొలిమి ముందు గ్లౌజులు లేకుండా నిలబడతాడు.
- హెల్మెట్ తీస్తే పెళ్ళికి దువ్వినట్టు జుట్టు.
- కరిగిన ఇనుము నారింజ షర్బత్ రంగులో ఉంది. గ్లాసులో పోసి అతిథులకివ్వొచ్చు.
- తలుపు తెరుచుకోకముందే మనిషి అందులోంచి దూరిపోయాడు.
- నీళ్ళలో మునిగినా గుల్లూ పాట ఆగదు. ఇదొక్కటీ నమ్మాను.

మొత్తం తొమ్మిదయ్యాయి, మిగతావి డైరీ వెనక పేజీల్లో రాస్తున్నాను. దీని మొహం ఇన్‌స్పెక్టర్ అనేవాడెవడైనా చూశాడా అసలు? శైలజ అక్కడ ఏం చేస్తుందో నేనెప్పుడూ సరిగ్గా అడగలేదు. బొమ్మలకి రంగులు వేస్తుంది కాబోలు. షర్బత్ తనది కాకపోతే చాలు.

సెప్టెంబరు 8. మధ్యాహ్నం 12

మూడో లెవెల్. పెద్ద షెడ్డు. పైన ఓవర్‌హెడ్ క్రేను. దాని కొక్కేనికి లాడిల్ వేలాడుతోంది. లాడిల్ అంటే కరిగిన ఇనుము మోసే కుండ, మా వంటిల్లంత ఉంటుంది. సరిగ్గా దాని కిందనుంచే దారి. అవతల తాళంచెవి మెరుస్తోంది. వెళ్ళి తెచ్చుకోవాలట.

వేలాడే బరువు కింద నుంచి మనిషి నడవడు. సైరన్ మోగాలి, బరువు పక్కకి జరగాలి, అప్పుడు దాటాలి. ఇది మిల్లులో చేరిన మొదటి రోజు చెప్తారు, చచ్చేదాకా గుర్తుంటుంది. ఆగాను. ఇరవై నిమిషాలు. సైరన్ లేదు. గుల్లూ మాత్రం "చలో భాయ్, చలో భాయ్" అని చుట్టూ తిరుగుతోంది. నువ్వెళ్ళవే. నీకేం, రేకు డబ్బావి.

సెప్టెంబరు 9

ఇంకా అక్కడే. గోడ పక్కనుంచి ప్రయత్నించాను, దారి లేదు. మెట్లున్నాయి, ఎక్కనివ్వవు. మరి కట్టడమెందుకో.

ఈశ్వరి బెండకాయలు తరుగుతూ చూసింది.

"ఏటండీ, ఆ మనిషి నిన్నట్నుంచి అక్కడే నిలబడ్డాడు. కాళ్ళు పీకవా ఆడికి?"

"పైన లోడుంది."

"బొమ్మ లోడండీ అది."

"కింద నడిచేది మనిషి కదా."

"ఆడూ బొమ్మే."

వాదించలేదు. వాదిస్తే తప్పు పట్టినట్టవుతుంది.

సెప్టెంబరు 11

వాన. సువర్ణరేఖ నిండుగా పారుతోందని వంతెన మీద జనం. నేనూ వెళ్ళి చూశాను. గేమ్ ఆడలేదు. కళ్ళకి విశ్రాంతి ఇవ్వాలి కదా.

బిష్టుపూర్‌లో బ్యాంకు పని చూసుకుని వస్తుంటే సీతారామరావు దొరికాడు. మిల్లులో స్టోర్సు చూసేవాడు. టీ తాగుతూ "అమ్మాయి గేమ్ ఎలాగుంది?" అనడిగాడు. అడిగినవాడికి జవాబు చెప్పడం తప్పు పట్టడం కాదు, మర్యాద. ఇరవై రెండు తప్పులు చెప్పాను. రెండో టీ కూడా తాగాల్సొచ్చింది. మనసు తేలికపడింది.

సెప్టెంబరు 13. ఉదయం 9

స్నానం చేసి వచ్చేసరికి జోరావర్ షెడ్డు అవతల ఉన్నాడు, చేతిలో తాళంచెవి. ఈశ్వరి కంట్రోలర్ పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"దాటించేశాను. ఏటీ పడలేదు."

"పడి ఉంటే?"

"మళ్ళీ మొదలెడతాడంట. శైలజ ఫోన్లో చెప్పింది."

ఎంత తేలిగ్గా అనేసింది. మా మిల్లులో లోడు కింద పడ్డవాడెవడూ మళ్ళీ మొదలెట్టలేదు. టిఫిన్ వద్దని చెప్పి పడుకున్నాను. ఒకటో నియమం ఆవిడే చెడగొట్టింది, నేను కాదు.

సెప్టెంబరు 14

శైలజ వచ్చింది. రైలు నలభై నిమిషాలు లేటు. రైల్వేని కూడా ఒక్క మాట అనలేదు. పిల్ల చిక్కిపోయింది, అదీ అనలేదు. టాటానగర్ స్టేషన్ నుంచి ఇంటిదాకా ఆటోలో ముగ్గురం, వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు, నేను మీటరు లేని ఆటో చూస్తూ కూర్చున్నాను.

సెప్టెంబరు 15. భోజనాల దగ్గర

"ఎక్కడిదాకా ఆడావు నాన్నా?"

ఆరు నెలల్లో నన్నడిగిన మొదటి ప్రశ్న.

"బాగుంది," అన్నాను.

ముద్ద ఆపి చూసింది. "ఏటి బాగుంది?"

"అంతా."

"ఝూఠ్. నువ్వు ఆడనేలేదు. ఆడుంటే బాగుందనవు."

నిజం చెప్తే నియమం పోతుంది. అబద్ధం చెప్తే దొరికిపోతాను. ఎవరు రాశారో ఈ నియమాలు, బుర్ర లేదు.

సెప్టెంబరు 17. సాయంత్రం 6

విశ్వకర్మ పూజ, పనిముట్లకి పూజ చేసే రోజు. పొద్దున్నుంచీ ఊరంతా మైకులు. ఏటా చేసినట్టే పీట వేసి నా టేపు, మందం కొలిచే కాలిపర్, సుత్తి కడిగి పెట్టాను. ఈశ్వరి కుట్టుమిషన్‌కి బొట్టు పెట్టింది. సీతారామరావు ప్రసాదానికి వచ్చి కూర్చున్నాడు. శైలజ తలస్నానం చేసి వచ్చి, తన ల్యాప్‌టాపు, గేమ్ కంట్రోలరు తెచ్చి నా కాలిపర్ పక్కన పెట్టింది.

కంట్రోలర్ తీసి సోఫాలో పెట్టాను. "ఇది పనిముట్టు కాదు, ఆటబొమ్మ," అన్నాను.

అక్కడ ఆగినా సరిపోయేది. సీతారామరావు బూందీ నములుతూ, "నీ లిస్టు ఇరవై రెండు దగ్గరుంది కదా, ఎంతదాకా వచ్చిందేటి?" అన్నాడు. ఈ డైరీ తెచ్చాను. నిలబడి చదివాను. ముప్ఫై ఒకటీ చదివాను, మధ్యలో ఒక్కసారి కళ్ళజోడు తుడుచుకున్నాను. ఈశ్వరి సైగలు చేస్తూనే ఉంది. ఆఖర్న "దీన్ని చూసి పాస్ చేసినవాడెవడో గాని, వాణ్ణి మా మిల్లు గేటు దగ్గరికి కూడా రానివ్వను" అన్నాను. అది డైరీలో లేదు. అప్పటికప్పుడు వచ్చింది, బాగా వచ్చిందని కూడా అనుకున్నాను.

శైలజ ఏడవలేదు. "పాస్ చెయ్యలేదు నాన్నా," అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సీతారామరావు రెండో దొన్నె అడగకుండా లేచాడు.

సెప్టెంబరు 18. ఉదయం 8

ఇవాళే వెళ్ళిపోతానని రైళ్ళు చూస్తోంది. అన్నిట్లో వెయిటింగే. ఈశ్వరి నాతో మాట్లాడ్డం లేదు. టిఫిన్ లేదు. ఇది ఫిర్యాదు కాదు, సమాచారం.

పండగ పూట నలుగురిలో పిల్లని నిలబెట్టి చదివాను. ఏం మనిషిని.

అదే రోజు. మధ్యాహ్నం 1

తలుపు కొట్టాను. తప్పయిందని చెప్దామనే వెళ్ళాను. నోట్లోంచి వచ్చింది వేరు. "పాస్ చెయ్యలేదంటే?" అన్నాను.

తలుపు తీసి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

"నేను టెస్టర్ని నాన్నా. అందరికంటే ముందు ఆడి తప్పులు రాయడమే నా పని. తుమ్హారా హీ కామ్."

నీ పనే, అంటోంది. మూడేళ్ళు. నేను అడగలేదు.

పదకొండు వందల నలభై ఆరు తప్పులు రాసింది. ఒక్కోదాని పక్కన పైవాళ్ళ జవాబు. ఎక్కువ వాటికి ఒకటే: 'తెలుసు. మార్చం.' నా ముప్ఫై ఒకటీ అందులో ఉన్నాయి. తలుపులోంచి దూరడం ఉంది. షర్బత్ రంగు ఆరుసార్లు రాసింది, ఆరుసార్లూ 'మార్చం' అనే అన్నారు.

"నీ పదిహేడోది సగమే పట్టావు. అది రెండు లెవెల్స్‌లో ఉంది."

నా తనిఖీలో తప్పు పట్టిన మనిషి ఇన్నేళ్ళలో ఇదొక్కతే. వెళ్ళి చూశాను. నిజమే.

తర్వాత 412వ తప్పు చూపించింది. 'వేలాడే లాడిల్ కింద నుంచి దారి పెట్టారు. ఉక్కు పని తెలిసిన మనిషి ఈ దారిన వెళ్ళడు, ఇక్కడే నిలిచిపోతాడు.' పక్కన జవాబు: 'ఇలా ఆగిపోయేవాడు ఎవడూ ఉండడు.'

"ఉన్నాడని మళ్ళీ రాశాను. మా ఇంట్లోనే ఉన్నాడన్నాను. మీటింగులో అందరూ నవ్వారు."

"ఐదు రోజులు ఆగాను," అన్నాను.

"అమ్మ చెప్పింది," అని అది కూడా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. దాని ముందే వచ్చింది.

రైళ్ళు చూడ్డం మానేసింది.

సెప్టెంబరు 19. మధ్యాహ్నం 3

ఇద్దరం కూర్చుని గేమ్ పూర్తి చేశాం. ముగింపు ఘోరం. కొలిమి పేలిపోతుంటే గుల్లూ పాట, జోరావర్ చప్పట్లు. సినిమాలో ఆ మనిషి అక్కడ ఒక్క మాట లేకుండా స్విచ్చి ఆపుతాడు. హాల్లో ఎవడూ దగ్గలేదు. ఇది చూస్తే ఎవడూ మేలుకొని ఉండడు.

తర్వాత గేమ్ చేసినవాళ్ళ పేర్లు మొదలయ్యాయి. "ఆపెయ్ నాన్నా, పేర్లే కదా," అంది. నేను ఆపలేదు. పాడినవాళ్ళు, పాట రాసినవాళ్ళు, ఆఫీసులో టీ ఇచ్చినవాళ్ళు, ఎవరిదో కుక్క. పదకొండు నిమిషాలు. శైలజ పేరు లేదు. కళ్ళజోడు మార్చి మళ్ళీ మొదటి నుంచి చూశాను. లేదు.

"కాంట్రాక్టు వాళ్ళ పేర్లు వెయ్యరు," అంది మామూలుగా.

ఆ కంపెనీని తిడదామని నోరు తెరిచాను. తెరిచాక మా రిపోర్టులు గుర్తొచ్చాయి. మిల్లులో నా కింద పన్నెండు మంది కాంట్రాక్టు మనుషులు ప్లేట్లు తిప్పి చూసేవారు. పగుళ్ళు పట్టింది వాళ్ళు, రిపోర్టు మీద పేరు నాది. భుయ్యాడీహ్ నుంచి రత్నం అని ఒకామె వచ్చేది. చేత్తో తడిమి పగులెక్కడుందో చెప్పేది, నేను భూతద్దం తీసేలోపే. ఏడేళ్ళు. బాగా పట్టావని ఒక్కసారైనా అన్నానా? కుక్క పేరు వేసిన కంపెనీ నాకంటే నయం.

సెప్టెంబరు 20. ఉదయం 11

స్టేషన్‌లో, రైలెక్కే ముందు అడిగింది. "ఇప్పుడు చెప్పు. సచ్ సచ్. గేమ్ ఎలాగుంది?"

ఈశ్వరి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గేమ్ చెత్త," అన్నాను. "తనిఖీ ఫస్టు క్లాసు. నీలాంటి ఇన్‌స్పెక్టర్ని మా మిల్లులో నేను చూళ్ళేదు. నాతో కలిపి."

శైలజ పెట్టె కింద పెట్టేసి నా భుజం మీద తల పెట్టుకుంది. వెనకాల కూలీ "హటియే సాబ్, హటియే" అంటూనే ఉన్నాడు. రైలు కదిలాక తలుపు దగ్గర నిలబడి అరిచింది: "రెండో భాగం వత్తంది నాన్నా. పంపుతాను. తప్పులు రాసి పెట్టు."

అదే రోజు. సాయంత్రం 5

పాత తీర్మానం రద్దు. అది మొదట్నుంచే లోపమున్న సరుకు.

కొత్తది, రేపటి నుంచి, పదిహేను రోజులు: తప్పు ఎంతైనా పడతాను. పట్టే ముందు ఆ పని ఎవరు చేశారో అడుగుతాను. బాగున్నది కనిపిస్తే ఆ మనిషి మొహం మీదే చెప్తాను. ఈశ్వరి చదివి, "రెండ్రోజులు," అంది. చూద్దాం.

రేపు మొదటి రోజు. ఉదయం తొమ్మిదికి భుయ్యాడీహ్ వెళ్ళి రత్నం ఇల్లు వెతకాలి. ఏడేళ్ళు నా ప్లేట్లు చూసిన మనిషి, ఇల్లెక్కడో కూడా నాకు తెలియదు. వెళ్ళి ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. ఒకటే వాక్యం. రెండుసార్లు చూశాను, తప్పులేవీ లేవు.