చదివి వినిపించడమైనది

కొత్తకోట,
జూన్ 12, 1987

ప్రియమైన ఖాదర్ తమ్మునికి,

గోపమ్మ చెప్పంగ బడికి పోయే పిల్ల జానమ్మ రాస్తున్నది. నా మాట ఒక్కటి మార్చొద్దని పిల్లతోటి ఒట్టు పెట్టిచ్చుకున్న.

షాద్‌నగర్ల కావలి రఘుపతి తల ఎవడో పగలగొట్టిన దినం నా కొడుకు జంగయ్య జరమొచ్చి నా ఇంట్ల పండుకొని ఉండె. నేనే గంజి తాగిచ్చిన. కచేరి ముందర కూసొని కాగితాలు రాసేటోనివని, గీ మాటే నీకు చెప్పి అర్జీ రాయిచ్చి వేలిముద్ర ఏసిన. నువ్వేమో “నా కొడుకు కోపంల కొట్టిండు, మొదటి తప్పు, మన్నించుండ్రి” అని రాసినవంట! కన్నతల్లే ఒప్పుకున్నదని సర్కారు వకీలు కోర్టుల చదివిండు. కింద ఇంగిలీషుల “రీడ్ ఓవర్ అండ్ ఎక్స్‌ప్లెయిన్డ్” అని ఉన్నదట. అంటే నాకు చదివి వినిపించి, అర్థం చెప్పినవని.

ఎప్పుడు వినిపించినవయ్యా? ముద్ర ఆరకముందే మడిచి చేతుల పెట్టలేదా? నెలాఖరు వాయిదాకు వచ్చి నిజం చెప్పు. లేకుంటే నా పిల్లగాడు జైల్ల మురిగిపోతడు.

నీ అక్క,
గోపమ్మ

షాద్‌నగర్,
జూన్ 17

ప్రియమైన గోపమ్మక్కకు సలాం.

మన్నించమని రాస్తే కోర్టు జర మెత్తబడుతుందని అందరికీ అట్లాగే రాస్తాను. నీ మేలు కోరే రాశాను. ఆ ఇంగ్లీషు వాక్యం ముప్పై ఏళ్లుగా ప్రతి కాగితం కింద వేస్తున్నదే, రివాజు. ఇప్పుడది అబద్ధమంటే కచేరి ముందు నా జాగా పోతుంది. నేను రాసిన వేల కాగితాలు నా మీదికే తిరగబడతాయి. మంచి వకీలును చూసుకో. ఫికర్ చేయకు.

నీ తమ్ముడు,
అబ్దుల్ ఖాదర్

కొత్తకోట,
జూన్ 22

ప్రియమైన తమ్ముడా అనడానికి నోరు వస్తలేదు. అయినా అంటున్న.

మొన్న జైలుకు పోయిన. జంగయ్య ఊచల అవతల మొకం తిప్పుకొని నిలబడ్డడు. “నేను కొట్టిన్నని నువ్వే రాయించినవానే అమ్మా?” అన్నడు. “కాదురా” అంటే, “ముద్ర నీదే కద!” అన్నడు.

నీకు జాగా పోతది, నాకు కొడుకు పోతడు. ఏది పెద్దదో నువ్వే చెప్పు. అర్థం తెలిసినోనివి, అబద్ధమని తెలిసి ఎట్ల రాసినవు?

గోపమ్మ

షాద్‌నగర్,
జూన్ 26

ప్రియమైన అక్కా,

అర్థం తెలిసినవాడినని రాశావు. నాకు ఇంగ్లీషు రాదు. ఉర్దూ బడిలో చదివాను, తెలుగు కచేరి ముందు కూర్చుని నేర్చుకున్నాను. ఆ వాక్యం ఎవరో గుమాస్తా చీటీ మీద రాసిచ్చి, ఇది లేకుంటే కాగితం చెల్లదన్నాడు. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు ముప్పై ఏళ్లు వేశాను. దాని అర్థం నీ మొదటి ఉత్తరంలోనే తెలిసింది. నా ఇంటిది షంషున్నీసాకు కూడా ఈ సంగతి చెప్పలేదు.

వాయిదాకు వస్తాను.

తప్పు చేసిన నీ గునెగార్ తమ్ముడు,
ఖాదర్

కొత్తకోట,
ఆగస్టు 30

ప్రియమైన తమ్ముడా,

“ఏదీ, ఈ వాక్యం చదువు” అని కోర్టుల సర్కారు వకీలు అడిగితే నువ్వు తలకాయ ఒంచినవు. జనం నవ్విండ్రు. నాకు నవ్వు రాలె.

నా కాగితం పక్కకు పెట్టినంక, కొట్టినోని మొకం చూడలేదని రఘుపతి ఒప్పుకున్నడు. మొన్న జంగయ్యను ఇడిచిపెట్టిండ్రు. నీ జాగాల వేరేటోడు కూసున్నడని తెలిసింది. నీకు జరిగింది మంచిదని నేను అనను.

జంగయ్య నా చేతి బువ్వ తినలె. కోర్టు సంగతంత ఇడమర్చి చెప్పిన. అంత ఇన్నడు. ఇని, “ఆయనకు ఇంగిలీషు రాదు, సరే. కాగితం తెలుగుల ఉండె, వింటె నీకు తెలుస్తది కదనే! చదివి వినిపియ్యమని ఎందుకు అడగలె?” అన్నడు.

నిన్న గొర్ల మందను తోలుకొని పోయిండు. ఏ దిక్కో చెప్పలె.

నీ అక్క,
గోపమ్మ