సంతకానికో గుడ్డు

సెప్టెంబరు 9, మంగళవారం. షాపు మూశాక.
మా మనవరాలు రుయి-ఎన్‌కి జుయో క్లాసులో సీటొచ్చింది. జుయో అంటే తెలివైన పిల్లల్ని ఏరి విడిగా చెప్పే క్లాసు. పొద్దున టిఫిన్ల రద్దీలో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరులో కోడలు పీ-శ్యా చెప్పింది. అత్తయ్యా, స్కూలు నుంచి ఫారం వచ్చింది, దీన్ని వారానికి ఆరు గంటలు స్పెషల్ టీచరు దగ్గర కూర్చోబెడతారట, సంతకం పెట్టేశాను అని. ఇంకా ఏదో అనబోయింది గానీ నాకు వినే ఓపికేదీ. వరసలో నిలబడ్డ వాళ్లందరికీ చెప్పేశాను.

మూడో తరగతిలోనే. మా వంశంలో చదువు అబ్బినవాళ్లు ఒక్కరూ లేరు, నాతో సహా. దీనికీ చదవడం రావట్లేదనే అనుకున్నాను. తెలివైన పిల్లలు అంతేనేమో, పుస్తకం మీద మనసు నిలవదు.

సెప్టెంబరు 11
పళ్ల డాక్టరు లియావ్ గారు సోయా పాలు తాగుతూ ఒక సంగతి చెప్పారు. స్కూల్లో స్పెషల్ టీచర్లు ఇద్దరు. ఒకావిడ పురిటికి వెళ్లింది, బదులు ఎవరూ దొరకలేదు. ఈ ఏడాది ఒక్క క్లాసే నడుస్తుందట. జుయో అన్నా ఉండాలి, వెనకబడ్డ పిల్లలకు పెట్టే జుయువాన్ అన్నా ఉండాలి. ఇరవై ఆరున పేరెంట్స్ మీటింగు.

లియావ్ గారబ్బాయి జుయోలోనే. చురుకైన పిల్లాణ్ని ఖాళీగా కూర్చోబెడితే పాడైపోతాడు మామ్మగారూ, మీ షాపుకి ఊరంతా వస్తుంది, మీరే ఏదైనా చెయ్యాలి అన్నారు. నన్ను అడగడమే ఆలస్యం. జుయోనే ఉంచాలని పిటిషన్ రాసేశాను.

సెప్టెంబరు 15
సంతకం పెడితే అట్టులో ఇంకో గుడ్డు ఫ్రీ. ఇవాళ ఒక్కరోజే ముప్ఫై ఒకటి.

చేపలమ్మే హోంగ్ మొండికేశాడు. ఈతొచ్చినవాడికి తాడెందుకు అక్కా, మునిగేవాడికి గదా వెయ్యాలి అని. చెవిటివాడి ముందు శంఖం ఊదితే టీచరు గొంతు పోతుంది తప్ప ఏమొస్తుందిరా అన్నాను. అందరూ నవ్వారు. గుడ్డు చూసి వాడూ పెట్టాడు.

సెప్టెంబరు 19
గుడ్లు అయిపోయి మళ్లీ తెప్పించాను.

సెప్టెంబరు 24, బుధవారం, మధ్యాహ్నం 2
ఇప్పుడున్న ఆ ఒక్క స్పెషల్ టీచరు లాయ్‌కి సోయా పాలు ఇచ్చి వద్దామని స్కూలుకి వెళ్లాను. చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయి. మా మనవరాలు మీ జుయోలోనే అన్నాను. ఆ పిల్ల ముఖం మారిపోయింది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

మామ్మగారూ, జుయో కాదండీ, జుయువాన్ అంది.

ఫ్యాన్ హోరులో జుయువాన్ కాస్తా జుయో అయి కూర్చుంది. మా దానికి అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయట. తెలివి లేక కాదండీ, దానికి వేరేలా నేర్పాలి, ఇప్పుడు నేర్పకపోతే ఇక పుస్తకం ముట్టుకోదు అంది. నేర్పొద్దని ఎనభై ఆరు సంతకాలు నా సంచిలో ఉన్నాయి.

అదే రోజు, సాయంత్రం
కోడలి మీద విరుచుకుపడ్డాను. రెండుసార్లు చెప్పానత్తయ్యా, మూడోసారి ఫ్యాన్ ఆపి చెబుదామనుకునేసరికి మీరు వీధంతా చాటేశారు అంది.

రుయి-ఎన్‌ని అడిగాను. తెలుసట. మరి చెప్పవేమే అంటే, నువ్వు అంత సంతోషంగా గుడ్లు పంచుతుంటే ఎలా చెప్పను నానమ్మా అంది.

నేను శంఖం మాట అన్నప్పుడు అది పక్క టేబుల్ తుడుస్తోంది. ఇప్పుడు గుర్తొచ్చింది. బాత్‌రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

సెప్టెంబరు 25
మా చైనీస్ రాతలో రెండింటికీ ఒక్క అక్షరమే తేడా, పిటిషన్‌లో అది దిద్దితే జుయో జుయువాన్ అయిపోతుంది. ఎవడూ చదివి సంతకం పెట్టలేదు. పెన్ను తీశాను. రుయి-ఎన్ చూస్తోంది. దిద్దకుండానే పెన్ను లోపల పెట్టేశాను.

సెప్టెంబరు 26, శుక్రవారం
మీటింగులో లేచి నిజం చెప్పేశాను. తల కొట్టేసినట్టయింది. ఎవరి సంతకం వాళ్లు కొట్టేసుకోండి, గుడ్డు తిరిగి ఇవ్వక్కర్లేదు అన్నాను. నవ్వారు.

లియావ్ గారు నవ్వలేదు. మొన్నటిదాకా ఒక మాట, ఇవాళొక మాటా మామ్మగారూ, మావాడు అన్నీ ముందే తెలిసి విసుగెత్తి ఏడుస్తున్నాడు, వాడు చేసిన తప్పేంటి అన్నారు. తప్పేమీ లేదు, ఆయన అడిగింది న్యాయమే. నోటికొచ్చింది అనేశాను. మీవాడికి తెలిసి విసుగు బాబూ, మా దానికి తెలియక విసుగు, రెండేళ్ల నుంచీ. మీవాణ్ని పుస్తకమిచ్చి మూల కూర్చోబెడితే వాడే చదువుకుంటాడు. మా దానికి ఆ పుస్తకమే గోడ.

ప్రిన్సిపాల్ చేతులెత్తమన్నాడు. జుయువాన్‌కి నలభై ఒకటి, జుయోకి ముప్ఫై ఎనిమిది. హోంగ్ రెండు చేతులూ ఎత్తితే ఒకటి దింపించారు. లియావ్ గారు ఎటూ ఎత్తలేదు.

సెప్టెంబరు 27
లియావ్ గారు టిఫినుకి వచ్చారు. అబ్బాయిని వెంట తెచ్చారు. ఆ పిల్లాడు తింటున్నంతసేపూ లావుపాటి పుస్తకం చదువుతూనే ఉన్నాడు. పాపం అనిపించింది.

జనవరి 14, బుధవారం
రుయి-ఎన్ మా షాపు మెనూ బోర్డు ముందు నిలబడి వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. నాలుగో వరసలో ముల్లంగి తప్పు రాశావు నానమ్మా అంది. ముప్ఫై ఏళ్లుగా అలాగే ఉంది. లియావ్ గారూ చూడలేదు, ఆయన కొడుకూ చూడలేదు.

స్టూలెక్కి తనే దిద్దింది.