గంట కొట్టేదాకా

ఏమయ్యా, నువ్వు పోయాక మన మనవరాలు దేవికి ఈరోజే మొదటి కాలేజీ పరుగు పందెం. పన్నెండున్నర రౌండ్లు. నువ్వు నేర్పినట్టే, ఎదురుగాలి తగలకుండా కొండ ఊరి నుంచి వచ్చిన ఓ పిల్ల వెనకాలే పరిగెత్తింది. ఆఖరి రౌండు గంట కొట్టాకే దాటాలని కదా మీ ఇద్దరి లెక్క. నాకేమో ఓడిపోతోందని ఒకటే దడ. ఇంకా మూడు రౌండ్లుండగానే "ముందుకెల్లవే దేవీ!" అని అరిచేశాను. నా మాట విని దాటేసింది. చివర్లో ఊపిరందక ఓడిపోయింది.

"మామ్మా, వచ్చే పందేనికీ నువ్వు తప్పకుండా రావాల," అని నవ్వింది గెలిచిన ఆ కొండ ఊరి పిల్ల.

"తాతుంటే నీ సెయ్యి ఒగ్గీవోడు కాదు," అంది దేవి.

నిజమే. ముందే అరవకుండా నా చెయ్యి పట్టుకుని, గంట కొట్టాకే వదిలి, "ఇప్పుడు అరవవే" అనేవాడివి. ఈసారి నీ తువ్వాలు పట్టుకుని కూర్చుంటాను. గంట కొట్టేదాకా వదలను.