కరెంటు పెట్టేటప్పుడు

నాచారం, మంగళవారం రాత్రి

దవాఖానా నుంచి వచ్చి, ఉప్పల్‌లో బస్సు దిగి, రిక్షాలో ఇల్లు చేరేసరికి ఒంట్లో సత్తువ లేదు. మా ఆయన తొడలో ఉన్న గడ్డ, కండలో పుట్టే క్యాన్సరట. చాలా అరుదట. నొప్పి లేదు కదా అని ఇన్నాళ్లూ ఉప్పు కాపడం పెట్టుకుంటూ వచ్చాం. నొప్పి లేకుండానే పెరుగుతుందట అది.

గడ్డ కోసి తీసి, తర్వాత కరెంటు పెడితే కాలు దక్కవచ్చన్నాడు డాక్టరు. రేడియేషన్‌ను అందరూ అట్లాగే అంటారు. కానీ కరెంటు స్తంభాలెక్కే మా ఆయనలాంటి లైన్‌మన్‌తో అనే మాటేనా అది?

"ఇన్నేండ్లు కరెంటు తాకకుండ పానం కాపాడుకున్న. ఇప్పుడు నేనే పోయి పెట్టించుకోవాల్నా?" అన్నారు ఈయన. అది ఈ కరెంటు కాదని రిక్షాలో చెబుతూనే ఉన్నాను. విన్నారో లేదో.

అన్నం ముందు కూర్చుని మళ్లీ అడిగారు. "నేను స్తంభమెక్కితే కింద ఒకడు నిలబడాలె. ఆడ నా పక్కన ఎవరుంటరు?"

"నేనుంట," అన్నాను. అప్పుడు ముద్ద కలిపారు.

మిషన్ నడిచేటప్పుడు ఆ గదిలో ఇంకెవరూ ఉండకూడదని డాక్టరు నాతో ముందే చెప్పాడు.