నాలుగో నంబరు ల్యాప్‌టాప్

శాంతిపురం,
ఆదివారం.

పుంగనూరులోని అక్కకు చెల్లెలు సుజాత నమస్కారాలు.

ఇక్కడ నేను బాగున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ టమోటాలు వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు తిరుగుతూ వేళకు తింటున్నాడా? ఫోనులో అయితే నువ్వు సగంలోనే తిట్టడం మొదలుపెడతావు, అందుకే ఈ ఉత్తరం.

కొత్త బడి బాగుంది. పొద్దున చలి మాత్రం ఎముకల్లోకి దిగుతోంది. సంగటి నేనే కెలుక్కుంటున్నాను, ఉండలు కట్టడం తగ్గింది. సాయంత్రం గదికి వస్తే పలకరించే దిక్కు లేదు, అదొక్కటే బాధ. నిజంగా బాగున్నాను, దిగులుపడకు.

నేను పాఠాలు చెప్పే తొమ్మిదో తరగతికి చవక రకం ల్యాప్‌టాప్‌లు పది వచ్చాయి, నంబర్లు వేసి ఇద్దరికొకటి ఇచ్చాం. వాటిలో దాచుకోవడానికి చోటుండదు, పిల్లలు రాసిందంతా నెట్‌లోనే ఉంటుంది. వీళ్లేమో దేనిమీద రాస్తే అందులోనే ఉంటుందని నమ్మి, ఎవరి నంబరు కోసం వాళ్లు కొట్టుకునేవాళ్లు. పోయిన వారం నాలుగో నంబరు చెడిపోయింది. నందిని అని బాగా చదివే పిల్ల, తన రాతంతా పోయిందని ఒకటే ఏడుపు. దాన్ని ఏడో నంబరు ముందు కూర్చోబెట్టి పేరు, పాస్‌వర్డ్ టైపు చేయించాను. ఊళ్లో గ్రానైటు పని గురించి రాసుకున్న నాలుగు పేజీలూ వచ్చేశాయి.

కళ్లు తుడుచుకుని, "అయితే మేడమ్, బెంగుళూరులోనూ వస్తాదా?" అంది.

"వస్తాది. యాల?"

"వచ్చే వారం మా అమ్మావాళ్లతో పోతాండాను. వాళ్లు బిల్డింగు పనికి పోతే ఆడ వంట నేనే సేయాల."

నువ్వే చెప్పక్కా, పేజీలు ఎక్కడికైనా వస్తాయి సరే, వాటి ముందు ఆ పిల్లను కూర్చోనిచ్చేదెవరు? వెళ్లిందంటే దాని చదువు అక్కడితో సరి.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ మునెమ్మ చాటలో రాగులు చెరుగుతోంది. "సదువు మాన్పించాలని నాకేమన్నా ఆశా మేడమ్? హాస్టల్లో సీటు లేదన్నారు. ఆడపిల్లను ఒంటిగా యాడ వదిలేది?" అంది.

"నా గది ఉండాది కదా" అనేశాను. ఆలోచించి అన్న మాట కాదు. మునెమ్మ చాట పక్కనపెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. "దానికి సీకటంటే బయం. పక్కలోనే పండుకోబెట్టుకోండి మేడమ్" అంది.

అంతే, ఒప్పేసుకుంది. ఇప్పుడు భయమంతా నాది. పరాయి పిల్లను పదో తరగతి గట్టెక్కించగలనా? తొందరపడ్డానంటావని తెలుసు. అయినా నువ్వు దీవించాలి.

మీ అత్తమ్మకు, బావకు నా దండాలు చెప్పు. నందిని శనివారం వస్తుంది. ఈలోగా కుప్పం బస్సులో ఒక పరుపు వేసి పంపు. నా దగ్గర ఉన్నది ఒక్కటే కంచం. స్టీలు అంగట్లో ఇంకొకటి కొని, దానిమీద నందిని అని పేరు చెక్కించి పంపు.

నీ దీవెన కోరే
సుజాత