మారుమాట్లాడని చిన్నది

పిన్నికి నమస్కారాలు.

నీ కుట్టుమిషన్ కులాసాయేనా? ఇక్కడ శుభవార్త. ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నది, నలభయ్యో ఏట ఒకటి కుదిరింది! చిన్నది, బరువు తక్కువ, చంకన పెట్టుకుని పోవచ్చు. నేనేమన్నా మారుమాట్లాడదు, అన్నది అన్నట్టు తిరిగి చెబుతుంది. వానలు పడేలోగా దాన్ని కొండమీదికి తీసుకెళ్ళాలి.

నీ లిఫ్టుల మెకానిక్

తా.క. కాసేపు మాట్లాడితే చాలు, ఒళ్ళు కాలిపోతోంది. అదొక్కటే బెంగ.

* * *

లిఫ్టులబ్బాయికి పిన్ని దీవెనలు.

నీ ఉత్తరం చదివిన సంబరంలో ఎవరిదో చొక్కాకి మూడు చేతులు కుట్టేశాను. కానీ పెళ్ళికూతుర్ని 'ఒకటి' అంటావేమిట్రా, గుమ్మడికాయా? మీ బాబాయి అన్న మాట నేను ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తిరిగి అనలేదు, కాపురం అందుకే నిలిచింది. చంకనెత్తుకోవడాలు పెళ్ళయ్యాక చూసుకోవచ్చు.

ఉంటాను,
పిన్ని

తా.క. ఒళ్ళు కాలుతుంటే కొండమీదికి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

* * *

పిన్నీ, ముందు నవ్వు, తర్వాత నమస్కారం.

అది పిల్ల కాదు, నేను కట్టిన రేడియో డబ్బా. రిపీటర్ అంటారు. సరదాకి రేడియోల్లో కబుర్లాడుకునే మావాళ్ళ మాటలకి కొండ అడ్డం. ఇది పైన కూర్చుని, ఇటు మాట విని అటు పలుకుతుంది. చిన్న బ్యాటరీ చాలు. పోయిన వానల్లో ఫోన్లు మూగబోయి, అవతలి లోయలో ముసలాయనకి మందులు కావాలన్న కబురు ఇటు రానేలేదు. అందుకే ఈ తాపత్రయం. వేడికి రేకు రెక్కలు బిగించి, మొన్న కొండమీద పెట్టొచ్చాను. ఒక్కటే చిక్కు: తను మాట్లాడేటప్పుడు దానికి ఎదుటివాళ్ళ మాట వినబడటం లేదు.

నీ అబ్బాయి

తా.క. పెళ్ళి మాట ఎత్తకు. డబ్బా పట్టుకు తిరిగేవాణ్ణి ఏ మహాతల్లి చూస్తుంది?

* * *

అబ్బాయికి, ఇంకా ఆయాసం తీరని పిన్ని రాసేది.

తను మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళు వినబడకపోవడం మనింటి జబ్బేరా, డబ్బాని అనకు. నువ్వేదో దాస్తున్నావని నిన్న కొండెక్కాను. డబ్బా నిజమే. నువ్వేదో ఫిల్టరు పెట్టాక చక్కగా వింటోందట. కానీ తన గొడుగు దానికి కట్టి, తను ఎండలో నిలబడ్డావిడ సంగతి రాయలేదేం? అక్కడ వాన కొలిచే ఉద్యోగమట. బ్యాటరీ తనే మారుస్తోందట. తన చేతిరేడియోలో నీ గొంతు వినబడగానే చేతిలో పని ఆపేసింది. ఉండబట్టలేక, "మావాణ్ణి చేసుకుంటావా అమ్మా? మనిషి మంచివాడు, కాస్త చూపే ఆనదు" అన్నాను. తల వంచుకుని, "ఆయన అడగాలి కదండీ" అంది.

ఆశీస్సులతో,
పిన్ని

తా.క. పక్కనున్న ఆ చేతిరేడియో మీట నా సంచి కింద నొక్కుకుపోయి, మా మాటలన్నీ అందరికీ వినబడుతున్నాయని నాకేం తెలుసు? సంచి తీయగానే అటునుంచీ ఇటునుంచీ ఒకరి తర్వాత ఒకరు, "ఒప్పుకోమ్మా, ఒప్పుకో!" అని మొదలెట్టారు. నువ్వప్పుడు ఏ లిఫ్టు గుంతలో ఉన్నావో! రెండు లోయలకీ తెలిసిపోయింది. ఇక తెలియాల్సింది నీకే.