అక్కకు పప్పు బంద్ చేసిండ్రట

ఇబ్రహీంపట్నం

తమ్ముడు రాజలింగానికి అన్న ఈశ్వరయ్య రాయునది. నా తిట్లకే శంకరమ్మక్క మతి పోయిందని ఏండ్ల సంది చుట్టాలందరికీ చెప్పుకుంటూ తిరిగినవ్. దవాఖానలో డాక్టర్ ఏమన్నడో మల్ల విను. "మెదడు కణాలల్ల పాడైన ప్రోటీన్‌ను ఎప్పటికప్పుడు ముక్కలు చేసి ఊడ్చే పని జరుగుతది తాతా. మీ అక్కకు గా పని మందగించింది. చెత్త కుప్పవడి కణాలు చస్తున్నయి." తప్పు నా నోటిది కాదని తేలిందా?

ఇదంతా చెప్పి అక్కను నీ దగ్గరికి భీవండి పంపితే పప్పు, గుడ్డు బంద్ చేసిండ్రట! ఫోన్ చేస్తే నీ భార్య, "తలకాయల ప్రోటీన్ నిండినంక మల్ల పప్పెందుకు బావా?" అని పెట్టేసింది. తిన్న పప్పు పోయి తలలో కూర్చుంటదా? డాక్టర్‌ను మళ్లీ అడిగొచ్చిన. "గది వేరు, గిది వేరు. కడుపునిండ పెట్టుండ్రి, లేకుంటే మనిషి చిక్కిపోతది" అన్నడు. చిన్నప్పుడు కోడి పెట్టిన గుడ్డు అక్క తను తినక నీకే పెట్టేది. ఇప్పుడు ఆకలైతే అడగడం కూడా ఆమెకు తెలుస్తలేదు.

మన చెలక పక్కన ప్లాట్ల రాళ్లు పాతిండ్రు, ఆ ముచ్చట తర్వాత. పిల్లలకు దీవెనలు. అక్క గుడ్డు తిన్నదని అమాస లోపల జవాబు రాయి. రాకుంటే తెల్లారే బస్సెక్కి వచ్చి తోలుకపోత.